విశేషణానికి వెల, విశేష్యానికి కోత



ఆటల కంప్యూటరు గురించి మాట్లాడటానికి తెలుగు పండితుడికి ఏ అధికారం ఉందని అడగబోయేవారికి ముందే సమాధానం చెప్పి సాగుతాను. ముప్పై ఏళ్ళకు పైబడి బడిలో నేను చెప్పిన వ్యాకరణ పాఠాల సారాంశం ఒక్కటే: ఏ వాక్యంలోనైనా ముందు విశేష్యాన్ని పట్టుకోండి, తరువాత విశేషణాల సంగతి చూద్దాం. ఎన్ని విశేషణాలు పేర్చినా, దేనిని గురించి చెబుతున్నారో తేలకపోతే ఆ వాక్యం వ్యర్థం. నేటి కంప్యూటరు అంగళ్ళలో అమ్ముడవుతున్నవి విశేషణాలు. "గేమింగ్" కేబినెట్, "గేమింగ్" ర్యామ్, "గేమింగ్" కుర్చీ, చివరకు మౌసు కింద పరిచే "గేమింగ్" గుడ్డ. ఆ ఒక్క మాట చేరగానే వెల పెరుగుతుంది. వస్తువు మాత్రం ఎప్పటి వస్తువే. విశేషణానికి వెల కట్టి, విశేష్యంలో కోత పెట్టే ఈ వ్యాపార వ్యాకరణాన్ని ఖండించడానికే ఈ టపా.

నా వాదం ఇది. తక్కువ డబ్బుతో ఆటల కంప్యూటరు కూర్చుకోవడం నేరమూ కాదు, అసాధ్యమూ కాదు. కానీ పొదుపు అంటే ప్రతి భాగంలోనూ సమానంగా కోయడమని అనుకుంటే డబ్బూ పోతుంది, ఆటా రాదు. ఆటను తెరమీద నడిపించే భాగం ఒకటి, యంత్రం ప్రాణాన్ని కాపాడే భాగం ఒకటి. ఈ రెండింటిలో చేయి వెనక్కు తీయరాదు. మిగిలినవాటిలో నిర్దయగా కోయవచ్చు. అంగడివాడు సరిగ్గా దీనికి తలకిందులుగా లెక్క వేస్తాడు. కంటికి కనబడే చోట డబ్బు పెట్టించి, కనబడని చోట కోస్తాడు. ఈ తలకిందుల లెక్కకు బలి అయ్యేది సంపన్నుడు కాదు. అతడు పోయినది పోయిందని మరొకటి కొనుక్కుంటాడు. ఐదారేళ్ళకు ఒకసారి, చీటీ పాడి, ఇంట్లో నలుగురితో మాటలు పడి ఒక యంత్రం కొనే కుటుంబం బలి అవుతుంది.

ముందు ఒక పూర్వపక్షాన్ని పరిష్కరించాలి. "తినడానికి తిండి చూసుకోవాలి గాని, పేదవాడికి ఆటల కంప్యూటరెందుకండీ?" అని మన సాహిత్య మిత్రులే అంటారు. ధర్మరాజు జూదాన్ని సాక్ష్యం తెస్తారు. అయ్యా, ధర్మరాజు కొంపముంచింది పాచికలు కాదు, పణం. అష్టాచెమ్మా, పులిజూదం, వామనగుంటలు, చదరంగం ఆడిన ఇళ్ళే మనవన్నీ. వాటివల్ల ఏ కొంపా మునగలేదు. ఆటకూ జూదానికీ నడుమ ఉన్న ఈ తేడాను మన పార్లమెంటు సైతం గుర్తించింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు పణంగా పెట్టే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా నిలిపింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ కంప్యూటరు ఆటలకు పతకాలు ఇచ్చారు. కనుక ఆట ఆడాలన్న కోరికను తప్పుగా చూపి నోరు నొక్కడం మానుకుందాము. పిల్లవాడు "ఆటలకు" అని నోరు తెరిచి చెప్పలేని ఇంట్లో, తండ్రి అంగడికి వెళ్ళి "చదువుకు మంచిది ఇవ్వండి" అంటాడు. ఆ అబద్ధమే అంగడివాడి తొలి లాభం. ఏ పనికి కొంటున్నారో చెప్పనివాడికి ఏదైనా అంటగట్టవచ్చు గదా!

ఇంకొక మాట. ఆటకు పనికివచ్చే యంత్రం చదువుకు తప్పక పనికివస్తుంది. ప్రోగ్రాములు రాయడానికి, బొమ్మలకు ప్రాణం పోయడానికి, వీడియోలు కూర్చడానికి కావలసిన శక్తి అదే. చదువు పేరిట అంటగట్టే యంత్రం మాత్రం ఆటకు ఎలాగూ పనికిరాదు, చదువుకైనా ఎన్నాళ్ళు పనికివస్తుందో చెప్పలేము.

ఇక విశేష్యానికి వద్దాము. ఆట నడుస్తున్నప్పుడు లోపల ఏమి జరుగుతుంది? ఎవరు ఎక్కడ నిలబడ్డారు, తూటా ఎటు పోయింది, తలుపు తెరుచుకుందా అన్న లెక్కలన్నీ ప్రాసెసర్ చూస్తుంది. ఆ దృశ్యాన్ని చుక్కచుక్కగా చిత్రించేది గ్రాఫిక్స్ కార్డు. మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, అనగా మొత్తం 20,73,600. సెకనుకు 60 సార్లు ఆ తెరను కొత్తగా గీయాలంటే 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయించాలి. ఈ చాకిరీ చేసేది గ్రాఫిక్స్ కార్డే కనుక, ఆటల కంప్యూటరులో అత్యధిక భాగం డబ్బు అక్కడికే పోవాలి. నా లెక్కలో తెరను మినహాయించి మొత్తం ఖర్చులో మూడో వంతుకు తగ్గరాదు; సగానికి చేరినా తప్పులేదు. ప్రాసెసర్ మీద పాతిక వేలు పోసి గ్రాఫిక్స్ కార్డు దగ్గర నాలుగు వేలకు బేరమాడటం, పెళ్ళిపందిరికి లక్ష ఖర్చుపెట్టి విస్తట్లో వడ్డించడానికి ఏమీ మిగల్చకపోవడం వంటిది.

అందుకే కొనుగోలు తెరతో మొదలుకావాలి. ఏ తెర మీద ఆడబోతున్నామో తేలితేనే ఎంత కార్డు కావాలో తేలుతుంది. ఫోర్‌కే అని పిలిచే తెరలో 82,94,400 చుక్కలు ఉంటాయి. అనగా మామూలు తెరకు సరిగ్గా నాలుగింతలు. తెర పెద్ద అంకెది కొంటే కార్డుకు చాకిరీ కూడా నాలుగింతలే. తక్కువ డబ్బుతో కూర్చేవాడు 1080 చుక్కల తెర దగ్గర ఆగడం అవమానం కాదు, వివేకం. "భవిష్యత్తులో పనికివస్తుంది" అన్న మాటతో ఫోర్‌కే తెరను అంటగట్టడం ఎద్దు చిన్నదని తెలిసీ బండి నిండా బస్తాలు వేయించడమే.

ఇక పేర్ల మాయ. ఇంటెల్ సంస్థ తన ప్రాసెసర్లకు ఐ3, ఐ5, ఐ7 అని తరగతులు పెట్టింది. ఇవి ఒక తరంలోని వస్తువులను వాటిలో వాటితో పోల్చుకోవడానికే పనికివస్తాయి. తరం మారితే ఈ పోలిక చెల్లదు. 2012లో వచ్చిన ఐ7-3770కు నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కు నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. లెక్క సమానంగా ఉన్నా, ఒక్కొక్క కోరు చేసే పనిలో పదేళ్ళ తేడా ఉంది. ఆ తేడాలో ఐ3యే బలవంతుడు. అంగడిలో మాత్రం "ఐ7" అన్న రెండక్షరాలకు ఇప్పటికీ దండలు పడుతున్నాయి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. మా మేనల్లుడు ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టరు. వాళ్ళబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడు. చీటీ పాడి 24,000 రూపాయలు పెట్టి దగ్గరి పట్టణంలోని ఒక దుకాణంలో "ఐ7, 16 జీబీ గేమింగ్ కంప్యూటరు" కొన్నాడు. "ఐ3 కాదు, ఐ5 కాదు, ఏకంగా ఐ7 ఇచ్చాడు మావయ్యా!" అని ఫోనులో సంబరంగా చెప్పాడు. "ఐ7 పక్కన ఏ అంకె ఉందిరా?" అని అడిగాను. 3770 అన్నాడు. గ్రాఫిక్స్ కార్డు ఏదంటే జీటీ 730 అన్నాడు. అది 2014లో వచ్చిన కార్డు. వచ్చిన నాడే ఆటలలో అది బలహీనుల పంక్తిలో ఉండేది. వారం తిరగకుండానే పిల్లవాడు ఫోను చేశాడు: "ఆట తెరుచుకుంటుంది తాతయ్యా, కానీ మనిషి కదలడు." మేనల్లుడు దుకాణానికి వెళ్ళి అడిగితే వచ్చిన జవాబు వినండి: "గేమింగ్ అన్నామండీ, ఏ గేమో మేము చెప్పలేదు కదా." తర్కశాస్త్రం చదువుకున్నవాడు కూడా ఇంతకంటె నిర్దుష్టంగా మోసం చేయలేడు.

ఆ యంత్రానికి ఇంకొక శాపం కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించారు. విండోస్ 11 కోసం వారు ప్రకటించిన జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు స్థూలంగా ఎనిమిదవ తరం నుండే మొదలవుతాయి. మూడవ తరం ఐ7 ఆ జాబితాలో లేదు. అడ్డదారిన ఎక్కించవచ్చునని కొందరంటారు. కాని టీపీఎం అనే భద్రతా సదుపాయం లేనిదే విండోస్ 11 మీద వాలరంట్ వంటి ఆటలు ఆడనివ్వవు. పిల్లలు ఎక్కువగా కోరే ఆటలలో అది ఒకటి. పదమూడేళ్ళ పాత యంత్రానికి పేరు మార్చి, దీపాలు పెట్టి, లెక్కల మాస్టరుకు అమ్మినవాడు ఈ సంగతి తెలియక అమ్మాడని నేను నమ్మను.

పేరులోని అంకెలే కాదు, చివరి అక్షరం కూడా చదవాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర "ఎఫ్" ఉంటే దానిలో అంతర్గత గ్రాఫిక్స్ లేదని అర్థం. వ్యాకరణంలో నఞ్ తత్పురుషంలోని "అ"కారం వంటిది ఆ అక్షరం. ఉన్నదానిని లేదని చెబుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనేవాడికి ఎఫ్ రకం మంచిదే, ధర తగ్గుతుంది. కార్డు తరువాత కొందామనుకునేవాడికి అది అంటగడితే తెర మీద వెలుగే రాదు. ఏఎండీ వారి రైజెన్ 5 5600జీలో చివరి "జీ" ఇందుకు విరుద్ధం. అందులో గ్రాఫిక్స్ లోపలే ఉంది. చేతిలో డబ్బు మరీ తక్కువైతే ముందు అటువంటి ప్రాసెసర్‌తో తేలికపాటి ఆటలు ఆడుకుంటూ, ఏడాది తరువాత కార్డు చేర్చుకోవడం గౌరవప్రదమైన మార్గం. ఏడాది తరువాత అవతల పారేయవలసిన చవక కార్డును ఈనాడు కొనడంకంటె ఇది వందరెట్లు మేలు.

గ్రాఫిక్స్ కార్డుల దగ్గర పేర్ల మాయ పరాకాష్ఠకు చేరుతుంది. ఎన్విడియా వారి జీటీ 1030 అనే కార్డు 2017లో జీడీడీఆర్5 జ్ఞాపకంతో వచ్చింది. దాని జ్ఞాపక వేగం సెకనుకు 48 జీబీ. 2018లో అదే పేరుతో డీడీఆర్4 జ్ఞాపకంతో మరొకటి వచ్చింది. దాని వేగం సెకనుకు 16.8 జీబీ, సుమారు మూడో వంతు. అట్టపెట్టె మీద పేరు మాత్రం జీటీ 1030. ఆర్టీఎక్స్ 3050 కథ కూడా ఇంతే. 2022లో వచ్చిన 8 జీబీ రకంలో 2560 కోర్లు. 2024లో వచ్చిన 6 జీబీ రకంలో 2304. జ్ఞాపకపు దారి కూడా 128 బిట్ల నుండి 96కు కుంచించుకుపోయింది. కొనేవాడు తేడా రెండు జీబీలే అనుకుంటాడు. లోపల వస్తువే వేరు. 6 జీబీ రకానికి ఒక సుగుణం ఉన్నదని ఒప్పుకుంటాను. 70 వాట్లతో సరిపెట్టుకుంటుంది కనుక పాత యంత్రాలలో సులభంగా ఇముడుతుంది. ఆ సుగుణం కోసం తెలిసి కొంటే తప్పులేదు. తెలియక కొనిపించడమే దోషం.

కార్డు మీది "జీబీ" అంకెను చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. బలహీనమైన కార్డుకు నాలుగు జీబీలు తగిలించినా అది బలహీనమైన కార్డే. గోడౌను పెద్దదైనంత మాత్రాన కూలీల సంఖ్య పెరగదు. అయితే బలమైన కార్డుకు గోడౌను చిన్నదైతే అదీ ఇబ్బందే. కొత్త ఆటలు ఆడదలచినవాడు 8 జీబీకి తక్కువైన కార్డు ముందు ఆగి ఆలోచించాలి. 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 వంటి 8 జీబీ కార్డు 1080 చుక్కల తెరకు చాలునన్నది నా అభిప్రాయం. కార్డు పేరు అడగటంతో ఆగకండి. జ్ఞాపకం ఎంత, ఏ రకం, ఎన్ని బిట్ల దారి అన్న మూడు ప్రశ్నలు వేయండి. మూడింటికీ జవాబు చెప్పలేని దుకాణం మెట్లు దిగండి.

ర్యామ్ విషయంలో ఒక్క సూత్రం చాలు: ఒకటే 16 జీబీ పలక కంటె రెండు 8 జీబీ పలకలు మేలు. డీడీఆర్4 3200 రకం పలక ఒక్కటి సెకనుకు 25.6 జీబీ మోయగలదు. రెండు పలకలు రెండు దారులలో పెడితే 51.2 జీబీ. గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్‌కు ఈ తేడా ప్రాణసమానం, ఎందుకంటే దానికి వేరే జ్ఞాపకం లేదు. అంగడివాడు "తరువాత ఇంకొకటి వేసుకోవచ్చులెండి" అని ఒకటే పెట్టి పంపుతాడు. ఆ తరువాత అనేది ఎలా ఉంటుందో 2025 చివరి నెలలు చూపించాయి. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీతో ర్యామ్ ధరలు విపరీతంగా ఎగబాకాయి. వాయిదా వేసినవాడికి వాయిదాయే శిక్ష అయింది. ఇటువంటి రోజులలో ర్యామ్ మీద అద్దిన రంగుదీపాలకు అదనంగా చెల్లించడం ఎంతటి అవివేకమో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ప్రాణరక్షకుని సంగతి. అందరూ ఎస్.ఎం.పి.ఎస్. అని పిలిచే డబ్బా గోడ నుండి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి అన్ని భాగాలకూ అందిస్తుంది. కంటికి కనబడదు, ఆటలో వేగం పెంచదు, గొప్ప చెప్పుకోవడానికి పనికిరాదు. అందుకే కోత మొదట దీనిమీదే పడుతుంది. కేబినెట్‌తో ఉచితంగా వచ్చిందని సంతోషించే డబ్బా మీద "450" అని పెద్ద అక్షరాలు ఉంటాయి. పక్కన అంటించిన పట్టికను చదవండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా తాగేది 12 వోల్టుల గడిలోని కరెంటునే. ఆ గడిలో 16 ఆంపియర్లు అని ఉంటే, పన్నెండు పదహార్లు 192 వాట్లు. మరి 450 ఎక్కడిది? అది కూడా విశేషణమే! మంచి డబ్బాలో 450 అని ఉంటే ఆ 12 వోల్టుల గడిలోనే దాదాపు అంతా కనబడుతుంది. హైస్కూలు గుణకారంతో బయటపడే మోసం ఇది.

"80 ప్లస్" ముద్ర గురించి కూడా అపోహలు ఉన్నాయి. 2004లో మొదలైన ఆ ముద్ర డబ్బా కరెంటును ఎంత వృథా చేయకుండా మారుస్తుందో చెబుతుంది. భద్రతకు అది పూచీ కాదు. అయినా ఆ పరీక్షకు కూడా నిలవని డబ్బాను ఇంట్లోకి రానీయకండి. మరోవైపు "గేమింగ్ కదా, 750 వాట్లు ఉండాలి" అని భయపెట్టేవారి మాట కూడా వినవద్దు. ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు, రైజెన్ 5 5600 ప్రాసెసర్ 65 వాట్ల తరగతి, మిగిలిన సామగ్రికి యాభై వేసుకుంటే మొత్తం 250 చుట్టూ తేలుతుంది. నమ్మదగిన 450 లేక 500 వాట్ల డబ్బా హాయిగా మోస్తుంది. మన ఊళ్ళలో వోల్టేజి హెచ్చుతగ్గులు ఎరిగినవారికి నేను వేరే చెప్పాలా? నాసి డబ్బా చచ్చేటప్పుడు ఒంటరిగా చావదు. మదర్‌బోర్డునో, కార్డునో వెంట తీసుకుపోతుంది. ఇక్కడ మిగిల్చిన పదిహేను వందలు కొసరు కోసం అసలు పోగొట్టుకోవడమే.

ఇంత చెప్పాక, ఎక్కడ కోయాలో కూడా చెప్పకపోతే అన్యాయం. కోయవలసిన మొదటి చోటు అలంకారం. కేబినెట్ ముందుభాగాన అద్దం బిగించి, లోపల ఇంద్రధనుస్సు దీపాలు పెట్టినవి చూపులకు భవ్యంగా ఉంటాయి. గాలి మాత్రం లోపలికి పోదు. విజయవాడలో మే నెలలో నలభై డిగ్రీలు దాటే గదిలో ఆ అద్దాల పెట్టె ఆవిరి కుడుమై ఊరుకుంటుంది. పైన పటారం, లోన లొటారం. జల్లెడవంటి ముఖం, రెండు పంకాలు, శుభ్రం చేయడానికి వీలైన దుమ్ము జాలీ ఉన్న సాదా కేబినెట్ చాలు. రెండవది ప్రాసెసర్ పంకా. ఐ3-12100ఎఫ్‌కు, రైజెన్ 5 5600కు పెట్టెలోనే పంకా ఇస్తారు. దాన్ని పక్కన పడేయించి నీటితో చల్లబరిచే యంత్రం అమ్మేవాడు మీ డబ్బును చల్లబరుస్తున్నాడు. మూడవది మదర్‌బోర్డు. వేగాన్ని బలవంతంగా పెంచే ఉద్దేశం లేనివాడికి ఖరీదైన పలక అనవసరం. నాలుగవది ఎస్సెస్డీ. ఎస్సెస్డీ తప్పక ఉండాలి, కాని పెట్టె మీది వేలకు వేల వేగపు అంకెలకు అదనంగా చెల్లించవద్దు. ఆట తెరుచుకునే సమయంలో ఆ తేడా చాలావరకు కనబడదు. వేగానికి పెట్టే డబ్బు స్థలానికి పెట్టండి, నేటి ఆటలలో వంద జీబీలు దాటేవి ఉన్నాయి.

మదర్‌బోర్డులో మాత్రం ఒక దూరదృష్టి అవసరం. పలకను కొన్నామంటే రాబోయే ప్రాసెసర్లకు స్థలం కూడా కొన్నట్టే. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్టులో 2017లో తొలి రైజెన్లు కూర్చున్నాయి. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా అదే సాకెట్టులో కూర్చుంది. బయాస్ నవీకరణ చేసుకుంటే ఆనాటి పలకలు చాలావరకు ఈనాటి ప్రాసెసర్‌ను స్వీకరించాయి. ఐదేళ్ళ తరువాత ఒక్క ప్రాసెసర్ మార్చి యంత్రానికి యౌవనం తెచ్చుకున్న కుటుంబాలు ఎంత ఆదా చేశాయో ఆలోచించండి. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5 సాకెట్టుకు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి కనుక, నేడు దానిలో అడుగుపెట్టడం ఖరీదు. ఏది ఎంచినా, "రేపు ఈ పలకలో ఇంతకంటె పెద్ద ప్రాసెసర్ ఏది కూర్చుంటుంది?" అని అడిగి కొనండి.

పాత సరుకు కొనడం పాపమా? కాదు. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వే వ్యాపారం మూతపడి, వాడిన కార్డులు అంగళ్ళకు వెల్లువెత్తాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, పంకాలు అరిగినవీ ఉన్నాయి. కళ్ళెదుట అరగంట ఆట ఆడించి, వేడి చూసి, మిగిలిన వారంటీ ఎంతో సీరియల్ సంఖ్యతో సరిచూసుకుని కొంటే పాత కార్డు పేదవాడికి వరం. వాడిన ప్రాసెసర్ కూడా సాధారణంగా నమ్మదగినదే. వాడిన ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం ఉచితంగా ఇచ్చినా పుచ్చుకోవద్దు. పాత సరుకును పాతదని చెప్పి అమ్మేవాడిమీద నాకు కోపం లేదు. పాతదానికి కొత్త విశేషణం తొడిగి అమ్మేవాడే నా ప్రతివాది.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట మెట్టు మెట్టుకూ ఒక దుకాణం ఉంటుంది. అంతటి సంతలో కొనేవాడికి ఉన్న ఆయుధం కాగితం ఒక్కటే. ఒక్కొక్క భాగానికీ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా, విడి ధరతో రాయించుకోండి. "ఆటల కంప్యూటరు, ఒకటి" అని ఒకే వరుసలో రాసే బిల్లును అంగీకరించకండి. ఆ కాగితంతో మరి రెండు దుకాణాలు తిరగండి. జీఎస్టీ లేకుండా ఇస్తే తగ్గిస్తామన్నప్పుడు, ఆ తగ్గింపుతో పాటు వారంటీ అడిగే హక్కు కూడా తగ్గిపోతుందని గ్రహించండి.

"ఇవన్నీ అంగడికి వెళ్ళే ప్రతి తండ్రీ నేర్చుకోగలడా?" అని చివరి ఆక్షేపణ. ఎడ్లను కొనేటప్పుడు పళ్ళు లెక్కపెట్టి, సుడులు చూసి, నడిపించి చూసిన జాతి మనది. పట్టుచీర కొనేటప్పుడు జరీ గోకి చూసే ఇల్లాలికి 12 వోల్టుల గడి చూడటం కష్టమా? తెలివి లేక కాదు, తెలుగులో చెప్పేవాడు లేక మోసపోతున్నారు. ఈ సమాచారమంతా ఆంగ్లంలో ఉంది; తెలుగులో ఉన్నది వ్యాపారి నోటి మాట మాత్రమే. ఆ మాటను సరిచూసుకోవడానికి కొనేవాడి భాషలో ఏమీ లేకపోవడమే వ్యాపారి అసలు పెట్టుబడి.

ఇక్కడ నా ఫిర్యాదు అంగడివాడిని వదిలి మనవైపే తిరుగుతుంది. యూనికోడు వచ్చిన నాటినుండి తెలుగు రాస్తున్నాము. అరసున్న ఉండాలా పోవాలా అని వారాల తరబడి వాదించుకున్నాము, అందులో నేనూ ఉన్నాను, ఆ వాదం ఇంకా తేలలేదు, తేలనక్కరలేదు కూడా. కాని ఇంట్లో కంప్యూటరును విప్పి బిగించగల మిత్రులు మనలో ఎందరో ఉన్నారు. మీరు ఆంగ్లంలో చదివి, ఆంగ్లంలో అడిగి, మీ యంత్రం మీరు చక్కగా కూర్చుకుని, తెలుగులో మాత్రం వర్షాకాలం గురించి రాస్తారు. వర్షాకాలం గురించి తప్పక రాయండి. దానితో పాటు ఈ నెలలో మీరు కొన్న భాగం పేరేమిటి, ఎంతకు కొన్నారు, దేనిని ఎందుకు కాదన్నారు అన్నది నాలుగు పంక్తులు తెలుగులో రాయండి. సాంకేతిక పదాలకు తెలుగు దొరకలేదని ఆగకండి. ర్యామ్‌ను ర్యామ్ అనే రాయండి, వాక్యం తెలుగుదైతే చాలు. ఏ ఊళ్ళోనో చీటీ డబ్బు జేబులో పెట్టుకుని అంగడికి బయలుదేరే లెక్కల మాస్టరుకు, గడప దాటకముందు చదువుకోవడానికి ఆ నాలుగు పంక్తులు దొరకాలి.

సెలవు.